పిల్లల వెంట నడిచే డబ్బు: మార్కెట్ తరహా విధానాల్లో ప్రాథమిక బడుల నిధులపై తరచుగా అడిగే ప్రశ్నలు

మార్కెట్ తరహా నిధుల విధానం అంటే ఏమిటి? పాత పద్ధతికీ దీనికీ తేడా ఎక్కడుంది?

పాత పద్ధతిలో ప్రభుత్వం బడిని చూసి ఖర్చు పెడుతుంది. ఇన్ని తరగతులు, ఇందరు టీచర్లు, ఇంత కరెంటు బిల్లు అని లెక్కగట్టి చాలావరకు ఖజానా నుంచే నేరుగా చెల్లిస్తుంది. ఆ ఏడాది పదిమంది పిల్లలు తగ్గినా టీచరు జీతం ఆగదు. మార్కెట్ తరహా విధానంలో లెక్క పిల్లల దగ్గర మొదలవుతుంది. ఒక్కో విద్యార్థికి ఇంత అని రేటు కడతారు, ఆ విద్యార్థి ఏ బడిలో చేరితే ఆ బడికి ఆ మొత్తం ఇస్తారు.

దీంతోపాటు మరో రెండు మార్పులు దాదాపు ఎప్పుడూ కలిసే వస్తాయి. బడిని ఎంచుకునే హక్కు తల్లిదండ్రులకు వస్తుంది, బడ్జెట్ ఖర్చు పెట్టే అధికారం (నష్టం వస్తే భరించే బాధ్యత కూడా) బడికే వస్తుంది. చాలా దేశాల్లో ప్రైవేటు నిర్వాహకులకూ ఈ డబ్బులో వాటా ఉంటుంది.

అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లోనే ఈ ఆలోచనను ప్రతిపాదించారు. పెద్ద ఎత్తున అమలు చేసింది మాత్రం 1981లో, సైనిక పాలనలో ఉన్న చిలీ. తర్వాత పదకొండేళ్లలోనే వరుస కట్టాయి: 1988 చట్టంతో ఇంగ్లండ్, 1989లో న్యూజిలాండ్, 1990లో అమెరికాలోని మిల్వాకీ నగరం, 1991లో మిన్నెసోటా రాష్ట్రం, 1992లో స్వీడన్.

వోచరు, చార్టర్ బడి, తలసరి గ్రాంటు, ఇవన్నీ ఒకటేనా?

మూలసూత్రం ఒకటే, డబ్బు వెళ్లే దారులు వేరు. తలసరి గ్రాంటు నేరుగా బడి ఖాతాకు వెళ్తుంది. వోచరు అంటే ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు బడిలో చేరే హక్కు. కుటుంబం చేతికి నగదు రాదు, చాలాచోట్ల కాగితం కూడా ఉండదు, బడి పంపిన నమోదు జాబితా ప్రకారం డబ్బు జమవుతుంది. చార్టర్ బడి ప్రభుత్వ నిధులతో, ఒప్పందం మీద, స్వతంత్ర బోర్డు నడిపే బడి. దానికి సంబంధించిన మొదటి చట్టం 1991లో మిన్నెసోటా చేసినదే. ఇంకో రకం కూడా ఉంది: విద్యా పొదుపు ఖాతా. అరిజోనా దీన్ని 2011లో కొద్దిమంది పిల్లలకు మొదలుపెట్టి, 2022లో అందరికీ విస్తరించింది. ఇందులో కుటుంబం ఆ సొమ్మును ఫీజుకే కాక ట్యూషన్లు, పుస్తకాలు వంటి అనుమతించిన ఖర్చులకూ వాడుకోవచ్చు. ఈ నాలుగింటిలో లెక్కల తనిఖీ అన్నిటికంటే కష్టమైంది ఇదే. తనిఖీ చేయాల్సినవి కొన్ని వందల బడుల పుస్తకాలు కావు, వేల కుటుంబాల రసీదులు.

ఒక బడికి వచ్చే మొత్తాన్ని ఎలా లెక్క కడతారు?

ముందుగా మూల రేటు. దాన్ని వయసును బట్టి నిర్ణయిస్తారు. హైస్కూలు విద్యార్థితో పోలిస్తే ప్రాథమిక విద్యార్థి రేటు మామూలుగా తక్కువ ఉంటుంది. దాన్ని పిల్లల సంఖ్యతో గుణిస్తారు. ఆ పైన వెయిటేజీలు, అంటే ఎక్కువ అవసరాలున్న పిల్లల కోసం ఇచ్చే అదనపు లెక్క, కలుపుతారు. బడి మొత్తానికీ ఒక స్థిర గ్రాంటు, మారుమూల ప్రాంతమైతే అదనపు మొత్తం ఉండొచ్చు.

పేదరికపు వెయిటేజీ మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి. మొత్తం పద్ధతి న్యాయంగా ఉందో లేదో తేలేది అక్కడే. నెదర్లాండ్స్ 1985లో ప్రాథమిక బడులకు తెచ్చిన పద్ధతిలో మామూలు విద్యార్థిని 1గా లెక్కిస్తే, తక్కువ చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలను 1.25గా, అందులో వలస కుటుంబాల పిల్లలను 1.9గా లెక్కించారు. దాదాపు ఇద్దరు పిల్లల నిధులన్నమాట. కాలిఫోర్నియా 2013 నుంచి పేద పిల్లలకు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకు, ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లలకు మూల రేటు మీద 20 శాతం అదనంగా ఇస్తోంది. ఒక జిల్లాలో అలాంటి పిల్లలు 55 శాతం దాటితే ఆ పైన మరికొంత ఇస్తుంది. చిలీ 2008లో పేద పిల్లలకు ప్రత్యేక సబ్సిడీ తెచ్చి ఒక షరతు పెట్టింది: అది తీసుకునే బడి ఆ పిల్లల దగ్గర ఫీజు వసూలు చేయకూడదు, మెరుగుదల ప్రణాళిక రాసివ్వాలి.

వెయిటేజీ ఎంత పెద్దదైనా, అది ఏ ఆధారంతో అందుతుందో చూడాలి. ఇంగ్లండ్‌లో 2011 నుంచి ఉన్న పేద విద్యార్థుల గ్రాంటు ప్రధానంగా ఉచిత భోజనానికి అర్హులుగా నమోదైన పిల్లలను బట్టి వస్తుంది. 2014 సెప్టెంబరు నుంచి చిన్న తరగతుల పిల్లలందరికీ భోజనం ఉచితమైంది. భోజనం ఎలాగూ దొరుకుతోంది కాబట్టి అర్హత ఫారం నింపాల్సిన అవసరం తల్లిదండ్రులకు కనిపించలేదు. ఫారం రాకపోతే బడికి గ్రాంటు రాదు. దాంతో భోజనం కోసం కాదు, నిధుల కోసం నింపండని బడులు ఇంటింటికీ నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది. ఎక్కడైనా సరే, వెయిటేజీ ఒక దరఖాస్తు మీద ఆధారపడి ఉంటే ఆ దరఖాస్తును అడ్మిషన్ ఫారంతో కలిపి ఇవ్వడం మేలు.

పట్టుమని పన్నెండు మంది పిల్లలు తగ్గితే బడి ఎందుకంత ఇబ్బంది పడుతుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరికుంటే ఇది చదవండి. డబ్బు పిల్లల లెక్కన వస్తుంది, ఖర్చు తరగతి లెక్కన అవుతుంది. మిగతా చిక్కులన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

ఒక ఊహాజనిత బడిని తీసుకుందాం. 6 తరగతులు, తరగతికి 30 మంది, మొత్తం 180 మంది. తలకు 100 యూనిట్ల చొప్పున ఆదాయం 18,000 యూనిట్లు. ఖర్చు ఇలా ఉంది: ఆరుగురు టీచర్లకు 1,700 చొప్పున 10,200, ప్రధానోపాధ్యాయులకు 2,500, మిగతా సిబ్బందికి 2,100, భవనం, కరెంటు, నీరు, మరమ్మతులకు 2,000, పుస్తకాలు, సామగ్రికి తలకు 5 చొప్పున 900, చేతిలో ఉంచుకునే రిజర్వు 300. మొత్తం 18,000. జీతాలే 82 శాతం. ప్రాథమిక బడుల్లో ఇదేమీ ఆశ్చర్యపడే వాటా కాదు.

ఇప్పుడు తరగతికి ఇద్దరు చొప్పున 12 మంది వేరే బడికి మారారనుకోండి. ఆదాయం 1,200 తగ్గింది. ఖర్చులో తగ్గింది పుస్తకాల తాలూకు 60 మాత్రమే. 28 మంది కూర్చున్న గదికీ అదే టీచరు, అదే ఫ్యాను, అదే పైకప్పు. 1,140 గండి పడింది. రిజర్వు 300 పోయాక కూడా 840 లోటు. అంటే దాదాపు సగం టీచరు జీతం. సగం టీచరును తీసేయడం ఎలా? ఒక పోస్టు రద్దు చేస్తే 168 మంది ఐదు గదుల్లో సర్దుకోవాలి. గదికి 33 లేదా 34 మంది, పైగా రెండు వయసుల పిల్లలు ఒకే గదిలో. అది చూసి మరికొన్ని కుటుంబాలు వెళ్లిపోతాయి. మరుసటి ఏడాది గండి ఇంకా పెద్దదవుతుంది. బడులు పతనమయ్యేది చాలావరకు ఇలాగే, ఎవరూ చెడ్డ నిర్ణయం తీసుకోకుండానే.

ఆ 12 మంది చేరిన బడి సంగతీ చూడండి. అక్కడ తరగతుల్లో ఖాళీలుంటే 1,200 వస్తుంది, అదనపు ఖర్చు 60. పండగే. తరగతులు అప్పటికే నిండి ఉంటే మాత్రం కొత్త తరగతి తెరవాలి, టీచరుకే 1,700 కావాలి. వచ్చినదాని కన్నా పోయేదే ఎక్కువ. గిరాకీ బాగా ఉన్న బడులు సీట్లు పెంచడానికి అంతగా ముందుకు రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంగ్లండ్‌లో చిన్న తరగతుల్లో ఒక టీచరుకు 30 మందికి మించకూడదని చట్టమే ఉంది. అందువల్ల 31వ బిడ్డ లెక్క అక్కడ మరీ కఠినంగా ఉంటుంది.

స్థిర గ్రాంటు ఇస్తే ఈ సమస్య తీరుతుందా?

తగ్గుతుంది, తీరదు. పై బడికే 18,000ను రెండు ముక్కలు చేద్దాం: బడికి స్థిరంగా 3,600, తలకు 80. ఇప్పుడు 12 మంది తగ్గితే ఆదాయం 960 తగ్గుతుంది. పుస్తకాలు, రిజర్వు పోను లోటు 840కి బదులు 600.

అసలు మేలు చిన్న బడికి. 45 మంది ఉన్న బడికి కేవలం తలసరి లెక్కన 4,500 వస్తుంది. ప్రధానోపాధ్యాయులు, ఇద్దరు టీచర్ల జీతాలకే 5,900 కావాలి, బడి తెరుచుకోదు. స్థిర గ్రాంటుతో కలిపి 7,200 వస్తే ఇరుకుగానైనా నడుస్తుంది. అయితే స్థిర గ్రాంటు పెంచినకొద్దీ తలసరి రేటు పడిపోతుంది, పిల్లలతో కిక్కిరిసిన పెద్ద బడులు నష్టపోతాయి. ఈ రెండింటి మధ్య ఎక్కడ గీత గీయాలన్నది రాజకీయ నిర్ణయం. గీత ఎక్కడుందో బయటికి చెప్పే విధానమే మంచిది. పిల్లలు తప్పనిసరిగా ఆ ఒక్క బడికే రావాల్సినంత మారుమూల ప్రాంతాల్లో పోటీ అనే మాటకే అర్థం లేదు. అక్కడ తలసరి సూత్రాన్ని పక్కనపెట్టి కనీస సిబ్బంది లెక్కన నిధులివ్వడమే సబబు.

పిల్లలను ఏ రోజున లెక్కిస్తారు? నమోదు లెక్కా, హాజరు లెక్కా?

ఇంగ్లండ్‌లో అక్టోబరు గణన రోజున పుస్తకాల్లో ఉన్న సంఖ్యే ఆ తర్వాతి బడ్జెట్ ఏడాదికి ఆధారం. లెక్క తర్వాత చేరిన బిడ్డకు, మరుసటి గణన ఆధారంగా వచ్చే బడ్జెట్ దాకా డబ్బు రాదు. పిల్లలు తగ్గుతున్న బడికి ఈ ఆలస్యం ఊపిరి పీల్చుకునే వ్యవధి. వేగంగా పెరుగుతున్న బడికి ఇదే గుదిబండ: పిల్లలు సెప్టెంబరులో వస్తారు, డబ్బు నెలల తర్వాత వస్తుంది. కొత్త బడికైతే గత ఏడాది లెక్కే ఉండదు కాబట్టి అంచనా సంఖ్య మీద ఇచ్చి తర్వాత సర్దుబాటు చేస్తారు. అంచనా తప్పితే డబ్బు తిరిగి కట్టాలి. అప్పటికే జీతాల కింద ఖర్చయిపోయిన డబ్బది.

చిలీలో, కాలిఫోర్నియాలో లెక్క హాజరు మీద నడుస్తుంది. పిల్లలను రోజూ బడికి రప్పించే పట్టుదల పెరుగుతుందన్నది దీని వెనక ఆలోచన. ఆచరణలో రెండు దోషాలు కనిపిస్తాయి. ఒకటి, హాజరు పట్టీలో లేనివాళ్లను ఉన్నట్టు చూపే ఒత్తిడి. రెండోది ఇంకా బరువైనది: అనారోగ్యం, ఇల్లు మారడం, రవాణా లేకపోవడం వల్ల పేద పిల్లలే ఎక్కువ రోజులు మానేస్తారు. కాబట్టి ఎక్కువ అవసరమున్న బడికే తక్కువ డబ్బు చేరుతుంది. బిడ్డ రాని రోజున టీచరు జీతంలో పైసా తగ్గదు. అందుకే నమోదు లెక్కే న్యాయమైనది, హాజరు కోసం వేరే చర్యలు తీసుకోవాలి.

భవనం ఖర్చు తలసరి రేటులో ఉంటుందా?

దేశాన్ని బట్టి ఉంటుంది. రేటు పక్కన ఈ వివరం అడగకపోతే పోలికలన్నీ తప్పుతాయి. అమెరికాలో చాలా చార్టర్ బడులు అద్దెను నడిపే ఖర్చులోంచే కట్టుకోవాలి. సొంత భవనమున్న ప్రభుత్వ బడికీ వాటికీ రేటు ఒకటే అయినా తరగతి గదికి చేరేది ఒకటి కాదు.

1992లో మొదలైన బ్రిటన్ ప్రైవేటు పెట్టుబడి పథకం ఇంకో పాఠం. ప్రైవేటు కంపెనీలు బడి కట్టి, సాధారణంగా 25 నుంచి 30 ఏళ్లు నిర్వహించి ఏటా రుసుము తీసుకుంటాయి. పిల్లలు సగమైనా ఆ రుసుము తగ్గదు. ఆదాయం పిల్లలతో మారుతుంటే, ఖర్చులో ఒక పెద్ద ముక్క మూడు దశాబ్దాలకు బిగిసిపోయింది. ఆ పద్ధతిలో కొత్త ఒప్పందాలు 2018లో ఆపేశారు, పాతవి గడువు తీరేదాకా నడుస్తున్నాయి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఖర్చు ఎవరు పెడతారు?

సగటు రేటు సగటు పిల్లలకే సరిపోతుంది. చూపు, వినికిడి, నేర్చుకోవడంలో ఇబ్బందులున్న బిడ్డకు రోజంతా సహాయకులు కావాల్సి రావచ్చు. ఇంగ్లండ్‌లో అలాంటి బిడ్డ అదనపు సహాయంలో మొదటి 6,000 పౌండ్లు బడి తన బడ్జెట్‌లోంచే పెట్టుకోవాలి, ఆ పైన అయ్యేది స్థానిక యంత్రాంగం ఇస్తుంది. దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. అలాంటి పిల్లలను బాగా చూసుకుంటుందని పేరొచ్చిన బడికి అలాంటి పిల్లలే ఎక్కువగా వస్తారు, ఒక్కొక్కరి వెంట మొదటి 6,000 ఖర్చు వస్తుంది. “మీ బిడ్డకు వేరే బడి అయితే బాగుంటుంది” అని తలుపు దగ్గరే మెత్తగా చెప్పే బడికి ఖర్చు మిగులుతుంది. మంచి చేసిన బడినే దెబ్బతీసే ఇలాంటి సూత్రాన్ని మార్చి తీరాలి. మొదటి పైసా నుంచీ అదనపు ఖర్చును ఉమ్మడి నిధి నుంచి ఇవ్వడం, అడ్మిషన్లు బడి చేతిలో కాకుండా ఉమ్మడి దరఖాస్తు ద్వారా, సీట్లకు మించి వస్తే లాటరీతో జరపడం, ఈ రెండూ కలిస్తేనే ఎంపిక తల్లిదండ్రుల చేతిలో ఉంటుంది.

ప్రభుత్వ డబ్బు తీసుకునే బడి ఫీజు కూడా తీసుకోవచ్చా?

చిలీ 1993లో సబ్సిడీ పొందే ప్రైవేటు బడులు కుటుంబాల దగ్గర అదనపు ఫీజు తీసుకోవడాన్ని విస్తరించింది. కట్టగలిగినవాళ్లు ఒకవైపు, కట్టలేనివాళ్లు మున్సిపల్ బడుల వైపు చేరారు. 2015 చట్టం ఈ ఫీజులను, పిల్లలను ఏరుకోవడాన్ని, సబ్సిడీ బడుల్లో లాభాన్ని దశలవారీగా తొలగించడం మొదలుపెట్టింది. స్వీడన్‌లో మొదట్లో కొంత ఫీజుకు వీలుండేది, 1990ల చివరి నుంచి అదనపు ఫీజుకు తావులేదు. వోచరుంటే చాలు.

ఫీజు నిషేధించినచోట అది విరాళం పేరుతో తిరిగి వస్తుంటుంది. న్యూజిలాండ్ 2020లో దీనికి ఒక మార్గం వెతికింది: పేద, మధ్యస్థ ప్రాంతాల బడులు విరాళాలు అడగమని ఒప్పుకుంటే విద్యార్థికి ఏటా 150 న్యూజిలాండ్ డాలర్లు ఇస్తామంది. నిషేధించి ఊరుకోవడం కన్నా ఇది నయం. విరాళం ఏ ఖాళీని పూడుస్తోందో ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది.

నిర్వాహకులు లాభం తీసుకోవచ్చా?

స్వీడన్‌లో తీసుకోవచ్చు. చాలా దేశాల్లో కుదరదు. కుదరదన్నచోట కూడా డబ్బు బయటికి పోయే దారులుంటాయి. బడి నడిపే ట్రస్టు లాభరహితమే, కానీ భవనం యజమాని ట్రస్టు పెద్దల బంధువే, అద్దె మార్కెట్ ధరకు మించే ఉంటుంది. లేదా నిర్వహణ రుసుము పేరుతో ఆదాయంలో ఒక శాతం మాతృసంస్థకు వెళ్తుంది. లేదా పుస్తకాలు, యూనిఫాం, సాఫ్ట్‌వేర్ ఒకే కంపెనీ దగ్గర కొనాలి. చట్టంలో లాభం అనే మాట ఉందా లేదా అని చూడటం కన్నా, సంబంధీకులతో జరిగిన లావాదేవీలను ఆడిట్ నివేదికలో వెతకడం ఎక్కువ ఉపయోగం.

పరీక్షా ఫలితాలను బట్టి డబ్బిస్తే?

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండ్ 1862లోనే చేసి చూసింది. ఒక్కో బిడ్డకు హాజరు మీద 4 షిల్లింగులు, చదవడం, రాయడం, లెక్కల పరీక్షల మీద 8 షిల్లింగులు. ఒక్కో సబ్జెక్టు తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఆ మూడింట్లో పరీక్షకు వచ్చేదే బోధన అయింది, పిల్లలు వాచకాన్ని బట్టీపట్టి పరీక్షాధికారి ముందు అప్పజెప్పారు. 1890ల్లో ఆ పద్ధతిని వదిలేశారు. ఎనిమిదేళ్ల బిడ్డ తప్పిన పరీక్షకు ఆ బిడ్డ బడి డబ్బే కోస్తే, వచ్చే ఏడాది ఆ బిడ్డకు సహాయం చేయడానికి మిగిలేది ఇంకా తక్కువ.

భారతదేశంలోని 25 శాతం సీట్ల నిబంధన కూడా వోచరేనా?

పని తీరులో దగ్గరిదే. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) ప్రకారం ఎయిడ్ లేని ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. మైనారిటీ విద్యాసంస్థలకు మినహాయింపు ఉంది. ప్రభుత్వం తన బడుల్లో ఒక్కో బిడ్డపై పెట్టే ఖర్చు, ఆ ప్రైవేటు బడి ఫీజు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది చెల్లిస్తుంది. బడి ముందు చదువు చెప్పాలి, డబ్బు తర్వాత వస్తుంది. ఆ చెల్లింపు ఆలస్యమైతే భారం నెలవారీ జీతాల మీదే పడుతుంది.

పోటీ వల్ల చదువులు మెరుగుపడ్డాయా?

కొన్నిచోట్ల కొంత, చాలాచోట్ల ఆశించినంత కాదు. పెద్ద నగరాల్లోని కొన్ని చార్టర్ బడుల్లో పేద పిల్లలకు స్పష్టమైన మేలు కనిపించింది. దేశమంతటికీ వర్తింపజేసిన చిలీలో మాత్రం పిల్లలు కుటుంబ ఆదాయాన్ని బట్టి వేర్వేరు బడుల్లోకి విడిపోయారు. తేడా ప్రధానంగా నిబంధనల్లో ఉంది: ఫీజు ఉందా, పిల్లలను ఏరుకోవచ్చా, పేద పిల్లలకు వెయిటేజీ ఎంత, దూరపు బడికి బస్సు ఉందా. బస్సు లేకపోతే ఎంపిక హక్కు వాహనమున్న కుటుంబాలకే పరిమితమవుతుంది.

పాఠశాల కమిటీ సభ్యులు బడ్జెట్‌లో ఏం చూడాలి?

ముందు పిల్లల సంఖ్య, తర్వాతే డబ్బు. పరిసరాల్లో నాలుగైదేళ్ల కిందటి జననాల సంఖ్య తెచ్చుకుంటే రాబోయే ప్రవేశాల అంచనా దొరుకుతుంది. దాన్ని తరగతివారీగా మూడేళ్లకు రాయండి. ఉన్న పిల్లలంతా పై తరగతికి వెళ్తారని కాక, గత మూడేళ్లలో ఏ తరగతి దగ్గర ఎందరు మానేశారో చూసి ఆ నిష్పత్తి వాడండి. అంచనాను రెండు రకాలుగా వేయండి, ఒకటి మామూలుగా, ఇంకోటి తరగతికి ఇద్దరు తగ్గితే.

తర్వాత జీతాలు. ఆదాయంలో వాటా 85 శాతం దాటితే మరమ్మతులకు, అనుకోని ఖర్చుకు చోటు లేదని అర్థం. టీచర్ల సీనియారిటీ కూడా చూడండి. నిధులు సగటు జీతం లెక్కన వస్తాయి, అనుభవమున్న టీచర్లున్న బడి అసలు జీతాలు చెల్లిస్తుంది. పిల్లల సంఖ్య మారకపోయినా వార్షిక ఇంక్రిమెంట్లతోనే లోటు పుట్టొచ్చు. ఈ ఒత్తిడిలో అనుభవజ్ఞులను వదిలి కొత్తవాళ్లను తీసుకునే బడులున్నాయి. న్యూజిలాండ్ టీచర్ల జీతాలను చాలావరకు కేంద్రం నుంచే చెల్లిస్తూ ఈ చిక్కును తప్పించింది.

ఒక ఏడాదికి మాత్రమే వచ్చే గ్రాంటుతో శాశ్వత పోస్టు నింపకండి. లోటు బడ్జెట్‌లకు దారితీసే తప్పుల్లో తరచుగా కనిపించేది ఇదే.

ఏడాది మధ్యలో బడి మూతపడితే?

స్వీడన్‌లో 2013లో ఒక పెద్ద ప్రైవేటు విద్యా సంస్థ దివాలా తీసి, వేల మంది విద్యార్థులు కొత్త బడులు వెతుక్కోవాల్సి వచ్చింది. అలాంటప్పుడు పిల్లలకు చోటు చూపించే బాధ్యత స్థానిక ప్రభుత్వానిదే. అంటే అది ఎప్పుడూ కొన్ని ఖాళీ సీట్లు సిద్ధంగా ఉంచుకోవాలి, కానీ ఖాళీ సీటుకు తలసరి సూత్రం పైసా ఇవ్వదు. ఆ ఖర్చును సూత్రంలోనే విడిగా చూపాలి.

తల్లిదండ్రులు అడగాల్సినవి మూడున్నాయి. గణన తేదీ దాటిపోయాక మారితే కొత్త బడికి ఈ ఏడాది డబ్బు వస్తుందా, లేక ఆ బడి సొంతంగా భరించాలా? బిడ్డ హాజరు, మార్కులు, ప్రత్యేక అవసరాల పత్రాలు ఎవరి దగ్గర ఉంటాయి? ముందుగా కట్టిన బస్సు, భోజనం డబ్బులు వెనక్కి ఇచ్చే బాధ్యత ఎవరిది? పత్రాల నకళ్లు మాత్రం బడి నడుస్తుండగానే ప్రతి ఏడాది చివర తీసి ఉంచుకోవాలి. తాళం పడ్డాక ఆఫీసులో అడగడానికి మనిషి ఉండరు.